ఆకుపచ్చ అబద్ధం

స్టీలు చెంబు వచ్చి పూర్ణిమ పాదాల ముందు పడింది. నీళ్లు చీర కుచ్చిళ్ల మీదికి చిందాయి.

"తాగు! నువ్వే తాగు!" సునీత గొంతు చించుకుంది. "గ్రీన్ అన్నవ్ కదా వదినె. తాగొచ్చు అన్నవ్ కదా. నా బిడ్డ తాగింది. ఇగ నువ్వు తాగు!"

పూర్ణిమ చెంబు వంక చూసింది గానీ వంగి తీయలేదు. ఈ ఇంట్లో వంగితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఈ రెండు రోజుల్లో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

సునీత ఆమె ఆడపడుచు. ఆరేళ్ల కూతురు మన్విత శంషాబాద్ దవాఖానలో సెలైన్ మీద ఉంది. వాంతులు తగ్గాయి గానీ మూత్రం సరిగా రావడం లేదన్నాడు డాక్టరు. బిడ్డకు బట్టలు తీసుకుపోదామని సునీత పుట్టింటికి వచ్చింది. బట్టల సంగతి మరిచిపోయి వదినెను పట్టుకుంది.

"గా రంగుల పేజీ వద్దే అని నేను మొదలే చెప్పిన," అంది అత్త రాములమ్మ, గడప మీద కూర్చుని. "నీళ్లు మంచియో కావో నాలుకకు తెల్వదా? ఫోన్ల సూసి నీళ్లు తాగుడేంది? మా అత్త సూసిందా? మా అమ్మ సూసిందా?"

"మీ అమ్మ బాయి నీళ్లు తాగింది అత్తమ్మా. నల్లా నీళ్లు కాదు."

"సూసినవా! పోరి దవాఖానల పడుంటే దీని జవాబులు సూసినవా! నాలుగు అక్షరాలు వచ్చినయని, ఆఫీసుల కుర్చీ ఏసిన్రని..."

విమానం వచ్చింది. దిగే విమానం కొత్వాల్‌గూడ కప్పుల మీదుగా వెళ్తే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. దాంతో ఊళ్లో కొట్లాటలకు ఒక పద్ధతి ఏర్పడింది. విమానం వస్తే ఎవరి తిట్టు వాళ్ల నోట్లోనే ఆగుతుంది. పోగానే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. రాములమ్మ చూపుడువేలును గాలిలో అట్లాగే నిలబెట్టి, చప్పుడు పోయేదాకా ఓపికగా ఆగింది.

"...కొమ్ములొచ్చినయ్ దీనికి," అని ముగించింది.

పూర్ణిమకు నవ్వొచ్చింది. నవ్వితే చంపేస్తారు కాబట్టి పళ్లు బిగబట్టింది.

ఇదే రాములమ్మ నెల కిందట ఇరుగుపొరుగును పిలిచి మరీ ఆ పేజీ చూపించింది. 'మా కోడలు చేసింది. నల్లా ఇప్పాల్నా వద్దా అని ఊరికంతా మా కోడలే చెప్తది,' అని. పొగడ్త పాలపొంగు లాంటిది. మంట తీయగానే ఎంత ఎత్తు లేచిందో అంత కిందికి దిగిపోతుంది.

ఇంతా చేసి ఆ పేజీలో పెద్ద మాయ ఏమీ లేదు. కాలనీలకూ చుట్టుపక్కల ఊళ్లకూ నీళ్లిచ్చే కాంట్రాక్టు కంపెనీలో పూర్ణిమ ఉద్యోగి. నీళ్లు ఆగినా, పైపు పగిలినా, మురికి కలిసినా జనానికి చెప్పే దిక్కు లేకపోవడం చూసి ఆ పేజీ పెట్టించింది. ఎవరైనా ఫోన్‌లో తెరవొచ్చు. తమ వీధి పేరు నొక్కితే ఒక రంగు కనిపిస్తుంది. ఆకుపచ్చ అయితే తాగొచ్చు. ఎరుపు అయితే తాగొద్దు. కింద రెండు వాక్యాలు: ఏం జరిగింది, ఎప్పటికి బాగవుతుంది.

ఆ రెండు వాక్యాల కోసం ఆమె ఆఫీసులో యుద్ధమే చేసింది. 'సరఫరా నాణ్యతలో స్వల్ప వ్యత్యాసం' అని పెద్దలు రాసిచ్చారు. 'మురికినీళ్లు కలిసినయి, తాగొద్దు' అని ఆమె మార్చింది. ఆ మాట మోటుగా ఉందని మీటింగుల మీద మీటింగులు పెట్టారు. మురికి నీళ్లు మాత్రం వాళ్లకు మోటుగా కనిపించలేదు.

చివరికి ఆమె మాటే నిలిచింది. జనం ఆ పేజీని నమ్మారు. నమ్మినందుకే మంచాన పడ్డారు.

శనివారం నాడు మురికినీళ్ల నాలా పక్కన మంచినీళ్ల పైపు పగిలింది. పేజీ ఎరుపైంది. ఆదివారం ఊళ్లో బోనాలు. పూర్ణిమ బోనమెత్తుకుని గుడికి వెళ్లి వచ్చేలోగా పేజీ ఆకుపచ్చ అయి కూర్చుంది. అది కూడా ఆమె పేరు మీద, ఆమె ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నంబరుతో. ఇంటింటా దావత్. ఇంటింటా చుట్టాలు. అందరూ పేజీ చూసి, నల్లా విప్పి, కడుపారా తాగారు. విషయం తెలియగానే పూర్ణిమ తన చేత్తో మళ్లీ ఎరుపు పెట్టింది గానీ, అప్పటికే సగం వీధి దవాఖాన దారి పట్టింది.

గేటు చప్పుడైంది.

"పూర్ణిమక్కా! బయటికి రా జర!"

వెనక వీధి ఆమినా. ఆమె వెనక మరో నలుగురైదుగురు ఆడవాళ్లు, చేతుల్లో ఖాళీ క్యాన్లు.

"మా మామకి నేనే నీళ్లిచ్చిన అక్కా, నా చేతులతోటి. నీ పేజీ సూసి ఇచ్చిన. ముసలాయన వద్దు బేటీ అంటే కూడ, పర్వాలే అబ్బా, గ్రీన్ ఉంది, పూర్ణిమక్క పెట్టింది అని చెప్పి తాగిపిచ్చిన. ఇప్పుడు దవాఖానల పడుండు. జవాబ్ చెప్పు నాకు."

"నేను పెట్టలే ఆమినా."

"నువ్వు పెట్టకపోతే పేజీకి చేతులొచ్చినయా? దానంతట అదే పెట్టుకుందా?"

గేటు దగ్గర ఒకామె ఉమ్మేసింది. గేటు లోపలికి పడేలా ఉమ్మింది.

"పూర్ణా, నువ్వు లోపలికి రా," అన్నాడు శ్రీకాంత్.

ఆమె భర్త. కంపెనీకి పైపుల మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఆదివారం పొద్దున పగిలిన పైపును అతికించింది అతని మనుషులే. మధ్యాహ్నానికల్లా నల్లాలు విప్పించిన మొనగాడని కాలనీ పెద్దలు గుడి దగ్గరే అతనికి శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా సోఫా మీదే ఉంది. పేజీ ఆకుపచ్చ చేసినందుకు పెళ్లాం మీద ఉమ్ముతున్నారు. నీళ్లు వదిలినందుకు మొగుడికి కప్పిన శాలువాను మాత్రం వెనక్కి అడగాలని ఎవరికీ తోచలేదు.

"ఆమినక్కా, జర సబర్ చెయ్యి," అన్నాడతను గేటు వైపు తిరిగి. "ఆఫీసు సారు వస్తున్నడు. అంతా చెప్తడు." తర్వాత పెళ్లాం వైపు వంగి గొంతు తగ్గించాడు. "తప్పు ఎవరితోనైనా అయితది పూర్ణా. బోనమెత్తుకునే తొందరల నొక్కినవేమో. యాదికి లేదేమో."

"యాదికి లేకుండనే ఊరికి విషం పెడ్తనా?"

"గంత పెద్ద మాటలెందుకు? సారు ఒక వీడియో తీస్తడట. సారీ అంటే ఒడుస్తది. నేనుంట కదా నీ ఎంట."

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఇంత మెత్తగా మాట్లాడింది లేదు. టీలో చక్కెర తగ్గితే గ్లాసు గోడకేసి కొట్టే మనిషి. నిన్నటి నుంచి ఆమెకు తనే టీ పెట్టిస్తున్నాడు. ఇంటిల్లిపాదీ వేలెత్తి చూపిస్తుంటే అతనొక్కడే భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కావాలనిపించినందుకు పూర్ణిమకు తన మీద తనకే చీదరేసింది.

మల్లేశ్వర్ కారు దిగాడు. దిగగానే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేతిలో కొనుక్కొచ్చిన నీళ్ల సీసా. ఈ ఊరికి నీళ్లిచ్చే కంపెనీకి మేనేజరు. ఈ ఊరి నీళ్లు మాత్రం అతని గొంతు దిగవు.

"ఏమ్మా పూర్ణిమా, రెడీయేనా?" సోఫా అంచున, బట్టలకు ఏదీ తగలకుండా కూర్చున్నాడు. "ఎక్కువ టైం లేదండి. సాయంత్రం కాలనీ వాళ్లతో మీటింగు పెట్టాం. ఈలోగా వీడియో బయటికి వెళ్లిపోవాలి."

రాములమ్మ టీ కప్పు తెచ్చింది. అతను కప్పు లోపలికి ఒకసారి చూసి, బాంబు ఏదో ఉన్నట్టు దూరంగా పెట్టాడు.

పూర్ణిమ అతనిచ్చిన కాగితాన్ని పైకి చదివింది. "'వ్యక్తిగత పరధ్యానం కారణంగా, పండగ హడావిడిలో, నిబంధనలకు విరుద్ధంగా నేను...' పరధ్యానం ఎవరిది సార్?"

"అదొక మాటమ్మా. లీగల్ వాళ్లు రాశారు."

"నేనే చేసిన అని ఒప్పుకుంటే నా మీద కేసు పెట్టరా?"

"ఒప్పుకుంటే కంపెనీ పెట్టదు. ఒప్పుకోకపోతే కంపెనీయే పెడుతుంది."

"ఊరోళ్లు పెడితే?"

"ఊరోళ్ల సంగతి ఊరోళ్లు చూసుకుంటారు. దానికి మేమేం చేస్తాం?" అన్నాడు మల్లేశ్వర్, ఇంత చిన్న విషయం అర్థం కాదేం అన్నట్టు. "ఉద్యోగం ఎలాగూ ఉండదనుకోండి. కానీ జైలు తప్పుతుంది. వీడియో అయ్యాక ఇదే క్షమాపణ మీ లాగిన్‌తోనే పేజీలో కూడా పెట్టేయండి. మేం పెడితే జనం నమ్మరట. మీరు పెడితేనే నమ్ముతారట. ఏం ఖర్మో!"

శ్రీకాంత్ లేచి కిటికీ పరదా పక్కకు జరిపాడు. "పూర్ణా, గీడ నిలబడు. మొఖం మీద వెలుతురు మంచిగ పడ్తది."

ఆమె కదల్లేదు.

"శనివారం మీరే కదా సార్ నాకు ఫోన్ చేసింది? పండగ పూట ఎరుపేంటమ్మా, చూడ్డానికి బాగా లేదు అన్నారు."

"అన్నాను. అనడం వేరు, చేయడం వేరు." మల్లేశ్వర్‌కు కోపం రాలేదు. కోపం రావడానికి ఎదుటి మనిషి తన సాటిది కావాలి. "నాకు మీ పాస్‌వర్డు తెలీదు. పాస్‌వర్డు కొట్టాక మీ ఫోన్‌కొచ్చే నంబరు అసలే తెలీదు. రెండు తాళాలూ తీస్తే తప్ప రంగు మారకూడదని రూలు పెట్టించింది తమరే. ఆదివారం ఆ రెండూ మీవే తెరుచుకున్నాయి. మరి మేం ఎవరిని అడగాలి, మీ అమ్మవారినా?"

గడప దగ్గర రాములమ్మ మొహం చిట్లించింది. కోడలిని ఎన్నన్నా అనొచ్చు. అమ్మవారి జోలికి రాకూడదు.

"నా నెత్తిన బోనం ఉంది సార్. రెండు చేతులూ కుండకే. ఫోన్ ఇంట్లో ఇచ్చి పోయిన."

"ఎవరికి?"

పూర్ణిమ సునీత వైపు చూసింది.

"నాకే ఇచ్చింది," అంది సునీత టక్కున. "నేను టీవీ కాడ పెట్టిన. మల్ల ముట్టలే. ఇంటి నిండ సుట్టాలు. ఎవలు ముట్టిన్రో నాకేం ఎరుక?"

నిన్నటి నుంచి ఎవరడిగినా ఇదే. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా, బడిలో అప్పజెప్పిన పద్యంలాగా.

"నా బిడ్డనే అడుగుతున్నరా మల్ల?" రాములమ్మ లేచి నిలబడింది. "ఆ దినం అది ఒక్క ఘడియ కూసుందా? బయట కట్టెల పొయ్యి మీద యాట కూర కలుపుకుంట, సుట్టాలకు ఇస్తార్లేసుకుంట, మధ్యల గ్యాసోడు ఫోన్ చేస్తే వానికి నంబర్ చెప్పుకుంట, ఒక్క పానం ఎన్ని దిక్కుల ఉరకాలె? ఈమెనేమో పట్టుచీర కట్టుకుని, బోనమెత్తుకుని, డప్పుల నడుమ రాణి లెక్క పోయింది!"

"అమ్మా, నువ్వు ఊకో," అంది సునీత.

ఆ రెండు మాటలూ ఆమె అరవలేదు. అరవకపోవడమే పూర్ణిమకు వింతగా తోచింది. పొద్దున్నుంచి ఆమె అరవకుండా అన్న మాట అదొక్కటే.

"ఏ గ్యాసోడు అత్తమ్మా?"

"గ్యాసోడంటే గ్యాసోడే. నంబర్ చెప్పమంటడు కదా ఎప్పటికీ."

అవును, అంటాడు. సిలిండరు తెచ్చే అబ్బాయి వాకిట్లో నిలబడి, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమంటాడు. శంషాబాద్ నుంచి బుద్వేల్ దాకా ఏ ఇంట్లోనైనా అంతే. ఎవరి ఫోన్ అని చూసేవాళ్లుండరు. పొయ్యి దగ్గరున్నవాళ్లు, పీట మీదున్నవాళ్లు, ఎవరి చేతికి అందితే వాళ్లు తీసి గట్టిగా చదివేస్తారు. ఎందుకని అడిగినవాళ్లు లేరు. నంబరు అడగడం వాడి హక్కు, చెప్పడం మన మర్యాద.

"గ్యాసు మామ పేరు మీదుంది," అంది పూర్ణిమ నెమ్మదిగా. "నంబర్ మామ ఫోన్‌కు వస్తది. నా ఫోన్‌కు ఎప్పుడొచ్చింది అత్తమ్మా?"

రాములమ్మ కూతురి వైపు తిరిగింది.

"వంట కట్టెల పొయ్యి మీదైతే సిలిండర్ ఎవలడిగిన్రు? బోనాల ఆదివారం, డప్పులు కొడుతున్న గల్లీల నుంచి బండేసుకుని సిలిండర్ తెచ్చిన ఆ మహానుభావుడు ఎవడు? సిలిండర్ ఏది? నాకు జర సూపెట్టుండ్రి."

ఎవరూ వంటింటి వైపు చూడను కూడా చూడలేదు.

"ఇవన్నీ మీ ఇంటి గొడవలండీ," మల్లేశ్వర్ గడియారం చూసుకున్నాడు. "గ్యాసూ, పొయ్యీ... ముందు ఆ వీడియో సంగతి చూద్దాం."

"ఎవడో సైబరోడు చేసుంటడు," అన్నాడు శ్రీకాంత్. గొంతులో ఆ మెత్తదనం అట్లాగే ఉంది గానీ మాటలు తొందరపడ్డాయి. "గసుంటోళ్లు మస్తుగున్నరు ఇప్పుడు. పేపర్ల రోజూ వస్తలేదా? పాపం, సునీతకేం తెలుసు?"

"సైబరోడా?" పూర్ణిమ మొగుడి మొహంలోకి చూసింది. "నా ఫోన్ల నంబర్ తెలిస్తే వాడు నా బ్యాంకు ఖాతా ఊడ్చుకపోతడు. అది ఇడిచిపెట్టి, కొత్వాల్‌గూడ నల్లా గ్రీన్ చేసి పోతడా? వానికి మన ఊరి మీద గంత ప్రేమనా?"

గేటు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీకాంత్ నవ్వలేదు.

పూర్ణిమకు ఆ క్షణంలో ఇంకొకటి తట్టింది. నంబరు ఒక తాళమే. దానికంటే ముందు పాస్‌వర్డు కావాలి. ఆ పాస్‌వర్డు ఆఫీసులో పెట్టింది కాదు. ఈ సోఫా మీదే, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పెట్టింది. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్నది ఒక్కరే.

ఆ ఆలోచనను ఆమె నోటిదాకా రానివ్వలేదు. తను అంటే తప్పించుకోవడానికి ఆడిన మాటవుతుంది. ఊరు నవ్వుతుంది, మల్లేశ్వర్ గడియారం చూసుకుంటాడు, అత్త వేలు మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఆ మాట ఈ ఇంటి నెత్తురే అనాలి.

"సరే సార్," అంది. "పేజీలో పెట్టమన్నారు కదా. ముందు అదే పెడతా."

ఫోన్ తీసింది. గుమ్మం దాటి వాకిట్లోకి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. వెనకే అందరూ వచ్చారు.

"ఆమినా, నీ ఫోన్ల పేజీ తెరువు. నేను రాస్తున్న. నొక్కితే ఊళ్ల అందరి ఫోన్లు మోగుతయి. నొక్కేముందు నువ్వే విను."

టైపు చేస్తూ గట్టిగా చదివింది.

"'ఆదివారం ఈ పేజీ మీకు అబద్ధం చెప్పింది. పైపు అతికించిన్రు గానీ లోపలున్న మురికి కడగలేదు. నీళ్లు పరీక్ష చెయ్యలేదు. అయినా తాగొచ్చని చెప్పింది.'"

"ఏం రాస్తున్నారమ్మా?" మల్లేశ్వర్ ముక్కు మీది రుమాలు జారింది. "కడగలేదని ఎలా రాస్తారు? లీగల్ వాళ్లకు చూపించకుండా..."

"మీ లీగల్ వాళ్లు ఈ నీళ్లు తాగరు సార్. తాగేటోళ్లు గేటు కాడున్నరు, వాళ్లకు సూపిస్తున్న." మళ్లీ ఫోన్ వైపు తలదించింది. "'రంగు మార్చడానికి కావలసిన నంబరు పూర్ణిమ ఫోన్‌కు వచ్చింది. అప్పుడు పూర్ణిమ బోనమెత్తుకుని గుడి కాడ ఉంది. ఆ నంబరు చదివి చెప్పింది, ఆమె ఆడిబిడ్డ సునీత.'"

"వదినె!" సునీత ఆమె చెయ్యి పట్టుకుంది. "నా పేరెందుకు? మా అత్తగారింట్ల నన్ను బతకనిస్తరా? మన్విత నాయన నా మొఖం సూస్తడా?"

"నా పేరు రాస్తే నేను బతకొచ్చా?"

"నేను కావాలని చెయ్యలే. గ్యాసుకనుకున్న..."

"నువ్వు అనుకున్నవా, అనుకోమని ఎవలన్న చెప్పిన్రా?"

సునీత తల వంచుకుంది.

"పూర్ణా, ఇంటి ఆడపిల్ల ఇజ్జత్ తీస్తవా?" శ్రీకాంత్ ముందుకొచ్చాడు. మెత్తదనం పోయింది. రెండు రోజులు అరువు తెచ్చుకున్న గొంతు పోయి, అసలు గొంతు వచ్చింది. "ఇయ్యి గా ఫోన్ ఇటు!"

"ఇంటి కోడలి ఇజ్జత్ వీడియో తీస్తుంటే మొఖం మీద వెలుతురు పడ్తలేదని పరదా జరిపినవ్ కదా. ఇప్పుడేమైంది? వెలుతురు ఎక్కువైందా?"

అతను ఫోన్ లాక్కోబోయాడు. గేటు తెరుచుకుంది. ఆమినా, వెనకున్న ఆడవాళ్లు క్యాన్లతో సహా లోపలికొచ్చి పూర్ణిమ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం లేనట్టు చూశారంతే.

"చదువక్కా," అంది ఆమినా. "ఇంకేం రాసినవ్?"

"ఒక్కటే మాట మిగిలింది. 'ఆ నంబర్ చెప్పమని సునీతను అడిగింది...' గీడ ఖాళీ ఉంది. పేరు దొరికితే పేరు రాస్త. దొరకకపోతే సునీత పేరుతోనే ముగించి నొక్కుత."

సునీత చేతిలో ఫోన్ మోగింది. దవాఖాన నుంచి భర్త మహేష్. ఆమె తొందరలో ఎక్కడ నొక్కిందో ఏమో, మహేష్ మాట వాకిలంతా వినపడింది.

"సునీతా, నువ్వు జల్ది రా. పోరి నోరు తెరుస్తలేదు. సీసల నీళ్లు, కొత్తది, మూత దాని ముందటనే తీసిన. తాగుమంటే భయపడ్తుంది. పూర్ణత్తమ్మ పేజీల సూసినంక ఇయ్యి డాడీ, గ్రీన్ ఉంటేనే తాగుత అంటుంది. నేనేం చెప్పాలె దానికి? ఆ? హలో? నేనేం చెప్పాలె?"

సునీత ఫోన్ చెవికి పెట్టుకోలేదు, ఆపలేదు. మహేష్ కాసేపు హలో హలో అని, తనే పెట్టేశాడు.

రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున్నుంచి ఇంటిని దులిపేసిన నోరు అది.

"సునీతా, నడువు, దవాఖానకు పోదాం," అన్నాడు శ్రీకాంత్. "నేను బండి తీస్త. నడువ్."

సునీత కదల్లేదు. అన్న చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. పట్టుకున్న చోటును చీర కొంగుతో తుడుచుకుంది. మురికి అంటినట్టు, గట్టిగా, రెండుసార్లు.

"గ్యాసోడు కాదు," అంది. "గ్యాసోడని అమ్మకు నేనే చెప్పిన. ఫోన్ చేసినోడు గట్ల చెప్పుమన్నడు. వదిన ఫోన్‌కు నంబర్ వస్తది, జల్ది చదువు, ఎవలన్న అడిగితే గ్యాసుకని చెప్పు అన్నడు. పైపు పని అయిపోయింది, పెద్దమనుషులు గుడి కాడ నిలబడ్డరు, గ్రీన్ కాకపోతే నా పరువు పోతదన్నడు. మీ వదిన బోనం దించేదాక నేను ఆగనన్నడు. పొద్దుమీకి నా బిడ్డ వాంతి చేసుకుంటుంటే గూడ, నోరిప్పకు, అంతా వదిన మీదికి పోతది అన్నడు."

"నోరు మూస్తవా లేదా!" అని అరిచాడు శ్రీకాంత్.

"ఎవడు సునీతా?" అంది పూర్ణిమ. వేలు తెర మీద ఖాళీ దగ్గరే ఉంది. "పేరు చెప్పు."

సునీత వదినె వైపు చూడలేదు. తల్లి వైపు చూడలేదు. గేటు దగ్గరున్న అందరికీ వినపడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"రాయి వదినె. నా పేరు ఎనక ఆ పేరు గూడ రాయి. శ్రీకాంత్. నా తోడబుట్టినోడు, నీ మొగడు, శ్రీకాంత్."